బాలరక్షణ సంస్కరణము నెవ్వరు నడుపుదురు?

గౌతమీతీరమున, సముద్రమునకు జేరువగా, యానామను చిన్న పట్టణము గలదు. పూర్వము దానికి కల్యాణపురమను పేరుకూడ వాడుకలో నుండెను. ఆ పేరు వినుట కింపుగా నుండును గాని, వచ్చిన విధము దలచుకొన్నచో మనస్సు కలుక్కుమనును. 1929వ సంవత్సరమున బాల్యవివాహ నిరోధక శాసనము పుట్టినది. దానినే మన పెద్దలు శారదాచట్టమని పిలిచిరి. 1930 ఏప్రిల్ 1వ తేదినుండి యది యమలులోనికి వచ్చినది. 14 ఏండ్లు నిండని బాలికకును, 18 ఏండ్లు నిండని బాలునికిని వివాహము చేయుట నేరమని యందు గలదు. అయితే యానాము నాడు ఆంగ్లేయుల యేలుబడిలోనిది కాదు, ఫ్రెంచివారిది. ఆంగ్లేయుల చట్ట మచ్చట చెల్లదు. కావున చుట్టుపట్ల గ్రామములవారు పసిబిడ్డలను వెంటబెట్టుకొని, రేవు దాటి యానాము చేరి, అచ్చట పెండ్లి ముగించుకొని మరల నిండ్లకు వచ్చుచుండెడివారు. యానామున ఫ్రెంచివారి పాలన 1954లో ముగిసినది.

ఈ చిన్న కథలో పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. ప్రభుత్వము బిడ్డల రక్షణకై చట్టములు చేయును, ఉద్యోగులను నియమించును, ఆశ్రమములు నెలకొల్పును. కొన్నాళ్లకు వానిని సవరించును. ఆ సవరణలను నడిపించున దేమి? దయయా, భయమా, విద్యయా? మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. ఇంటిపని ముగిసిన పిదప మేమును వారును ఈ విషయమై తఱచు మాటలాడుకొందుము. మేము బడికి బోయి చదివినవారము కాము. మా తండ్రిగా రింటనే భారతభాగవతములు చెప్పించిరి. అయినను ఈ ప్రశ్న పండితులకే విడువదగినది కాదనియు, పిల్లల తల్లులమైన మనకే ముందుగా వర్తించుననియు మాకు దోచినది. అందుచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అనాథశిశువును గాచుట మనకు క్రొత్తది కాదు. నన్నయభట్టారకుడు ఈ రాజమహేంద్రవరముననే భారతమును దెనిగించుటకు బూనెను. ఆయన రచించిన యాదిపర్వమునందే శకుంతల కథ యున్నది. కన్నవారు విడిచిపోయిన పసికందును పక్షులు కాచుట, కణ్వమహర్షి చూచి తెచ్చి కూతునివలె బెంచుట మన మందఱ మెఱిగినదే. అయితే ఒక్క సంగతి గమనింపుడు. ఆ శిశువు బ్రదుకుట కణ్వు డాదారిని వచ్చుటవలన సంభవించినది. ఆయన రాకున్న నేమయ్యెడిదో! ప్రభుత్వము చేయవలసిన బాలరక్షణ మనగా, కణ్వుడు వచ్చినను రాకున్నను బిడ్డ బ్రదుకునట్లు ఏర్పాటు చేయుటయే యని మా తాత్పర్యము.

మొదట చట్టమును గదలించునది తఱచుగా నొక్క బిడ్డ కష్టము. కలకత్తాలో ఫూల్మణి యను పదునొకం డేండ్ల బాలిక భర్తచేతిలో మరణించెను. ఆ యభియోగము 1890లో న్యాయస్థానమునకు వచ్చినది. దేశమంతయు నట్టుడికినట్లుడికెను. అంతకుముందు 1860 నాటి శిక్షాస్మృతిలో పదేండ్లుగా నున్న సమ్మతి వయస్సును 1891లో పండ్రెం డేండ్లకు బెంచిరి. ఒక పసిదాని ప్రాణము పోయిన తరువాత దేశములోని బాలికల కందఱకు దక్కినది రెం డేండ్ల గడువు! కష్టము వెల్లడియగుటచే తలుపు తెఱచుకొనును. కాని దుఃఖము చల్లారినతోడనే యా తలుపు మూసికొనుటయు గలదు. దానిని మూయనీయక నిలుపునది వేఱొకటి కావలెను.

అది లెక్క యని మేము నమ్ముచున్నాము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో నచ్చుపడినది. దాని యాంగ్లపీఠికలో నొక పట్టికను గూర్చి వ్రాసిరి. విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన కన్యావిక్రయ వివాహముల జాబితా నొకటి తయారుచేయించిరట. ఆ సంఖ్య 1034. అందు 99 మంది యైదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, 6 గురు రెండేండ్లవారు, ముగ్గు రొక్క యేడాదివారు. సోదరీమణులారా, ఎన్ని యుపన్యాసములు విన్నను కలుగని కంప మీ యంకెలు చూచినపుడు కలుగుటలేదా? మాయూర నట్టివి లేవనుటకు లెక్క యడ్డుపడును. అందుచేతనే పని చెఱుప దలచినవారు మొదట లెక్కను వ్రాయనీయరు.

మన గోదావరిసీమలో లెక్కకు దోడు మఱియొకటి జరిగినది. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. బాల్యవివాహమునకు ఫలమే బాలవైధవ్యము గదా! పంతులుగారు మాటలతో సరిపెట్టక, ఆ పిల్లలు తలదాచుకొనుటకు చోటును, చదువుకొనుటకు బడిని చూపిరి. చట్టముకంటె ముందు చోటుండవలె ననుట కిది నిదర్శనము. ఈ రాజమహేంద్రవరముననే 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారికి ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. పెద్దయైన పిదప ఆమె యా బంధమునుండి బయటికి వచ్చి చదువుకొని, 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలైరి. బాధ నెఱిగినవారి చేతికి అధికారము వచ్చినప్పుడు సంస్కరణమునకు జీవము వచ్చును.

ఇక శారదాచట్టమును మరల జూతము. అది యేల బలహీనమయ్యెను? యానాము రేవొక్కటియే కారణము కాదు. ఆ చట్టము ప్రకారము ఎవరైన నొకరు న్యాయస్థానమునకు బోయి ఫిర్యాదు చేసినగాని విచారణ లేదు. ఆ చేసినవాడును నూఱు రూపాయలవఱకు జామీను కట్టవలసి వచ్చెడిది. పొరుగింటి పెండ్లిమీద ఫిర్యాదు చేసి, పైగా సొమ్ము కట్టి, ఊరివా రందఱితో పగ తెచ్చుకొనువా డెవడు? బిడ్డను గాచు భారమంతయు నొక పొరుగువాని ధైర్యముపై బెట్టిరి. ధైర్యము కొందఱికే యుండును, అదియు కొన్నివేళలనే యుండును.

ఆ తరువాతి సంస్కరణలన్నిటిని వరుసగా జూచినచో, ఈ భారము మెల్లమెల్లగా పొరుగువాని భుజమునుండి ప్రభుత్వముయొక్క భుజమునకు జరుగుట కనబడును. 1949లో బాలికల వివాహవయస్సు 15కును, 1978లో 18కును పెరిగినది. ఆ 1978 సవరణవలననే పోలీసులు స్వయముగా దర్యాప్తు చేయుటకు వీలు కలిగినది. 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము 2007 నవంబరు 1వ తేదినుండి యమలులోనికి వచ్చి, ఈ పనికే ప్రత్యేకముగా అధికారులను నియమింపవలె ననెను. అంతేకాదు, చిన్ననాట పెండ్లియైన బిడ్డ యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లలోపల ఆ వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము మఱియొక యడుగు వేసి, బిడ్డపై నత్యాచారము జరిగినదని తెలిసియు చెప్పకుండుటయే నేరమనెను. పొరుగువారి ధైర్యము పొరుగువారి విధిగా మాఱినది. 2015 నాటి బాలన్యాయ చట్టము, వయస్సు రాకముందే పెండ్లి జరుగు ప్రమాదమున నున్న బాలికను గూడ సంరక్షణము కావలసిన బిడ్డగా నెంచి, జిల్లాకొక బాలల సంక్షేమసమితి ముందు నిలుపవలె నన్నది.

న్యాయస్థానముల పాత్రయు జిన్నది కాదు. చెఱసాలలలో పెద్దవారితో గలిపి యుంచబడిన పిల్లలను గూర్చి షీలాబార్సే యను పత్రికారచయిత్రి సుప్రీంకోర్టునకు విన్నవించుకొనెను. 1986లో ఆ కోర్టు దేశమంతటికి నొకే చట్టము చేయుట మేలని చెప్పినది. ఆ యేడే బాలన్యాయ చట్టము పుట్టినది. అందు బాలురకు 16 ఏండ్లవఱకే రక్షణ. 1992లో మన దేశము ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల యొడంబడికలో జేరిన పిదప, 2000 నాటి చట్టము దానిని 18కి బెంచినది.

అయితే సంస్కరణ మెల్లప్పుడు బిడ్డవైపే నడచునని చెప్పజాలము. కోపముకూడ చట్టములు చేయించును. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరమున నిందితులలో నొకడు 18 ఏండ్లకు గొలది నెలలు తక్కువవాడు. దేశమున నెగసిన యాగ్రహఫలముగా, ఘోరనేరములలో 16 ఏండ్లు దాటినవారిని పెద్దవారివలె విచారించుటకు 2015 నాటి చట్టము వీలు కల్పించెను. అది తగునో తగదో పెద్దలింకను వాదించుకొనుచున్నారు. మేము చెప్పున దొక్కటే. ఆగ్రహము వేగముగా నడచును, కాని యెవరు త్రొక్కబడుదురో చూచుకొనదు. మౌనముగా జరుగు తనిఖీ యట్లు కాదు. బీహారులోని ముజఫర్‌పూరున బాలికల యాశ్రమములో జరుగుచున్న దుర్మార్గము 2018లో బయటబడినది. టాటా సామాజిక శాస్త్రముల సంస్థవారు ఆశ్రమములకు బోయి, పిల్లలతో మాటలాడి, వ్రాసిన నివేదికవలననే యది వెల్లడియయ్యెను. ఇచ్చటను వ్రాతయే పిల్లలకు దిక్కయినది.

ఇంతవఱకు పుస్తకముల మాట. ఇక మా కండ్లయెదుట జరిగినది చెప్పెదము. మూడేండ్ల క్రిందట మా వీధి చివర నొక బాలిక సాయంకాలములందు మాకడకు భాగవతపద్యములు చదువుకొనుటకు వచ్చుచుండెడిది. తొమ్మిదవ తరగతి, వయస్సు 15. తండ్రి లేడు. తల్లి యిండ్లలో పనిచేయుటకై కువైటు పోయినది. మన కోనసీమనుండియు, ఇరుగోదావరులనుండియు నట్లు పోయిన తల్లు లెందఱో గదా! పిల్లను సాకునది మామ్మ. నాలుగు దినములు పిల్ల మా యింటికి రాలేదు. హాజరుపుస్తకములోను పేరెదుట సున్నలే యని మావారు చెప్పిరి. మేము పోయి చూతుముగదా, వాకిట పసుపు కొట్టుచున్నారు.

"మామ్మగారూ, పిల్ల కింకను వయస్సు రాలేదు గదండీ" యంటిమి. ఆమె కోపపడలేదు. "అమ్మగారూ, మీరు కాయితాలు జూత్తారండి. నేను రాత్రుళ్లు తలుపు జూసుకుంటానండి. నాకు కళ్లు కనబడకపోతే ఈ పిల్లకి దిక్కెవరండి?" యని యడిగినది. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకుండెను. అయినను పెండ్లి సమాధానము కాదు. ఆ రాత్రియే 1098 అను సంఖ్యకు ఫోనుచేసి చెప్పితిమి.

మఱునా డుద్యోగులు వచ్చిరి. పిల్లకు 18 నిండినవని పెండ్లివారు ఆధారుకార్డు నకలు చూపిరి. అప్పుడు పని కక్కరకు వచ్చినది ప్రాథమికపాఠశాలలోని ప్రవేశపుస్తకము. ఒకటవ తరగతిలో జేర్చిననాడు తల్లి చెప్పి వ్రాయించిన పుట్టినతేది యం దున్నది. వయస్సునుగూర్చి సందేహము వచ్చినచో బడిలోని జన్మతేది పత్రమునే మొదట జూడవలెనని 2015 చట్టములోని 94వ విభాగము చెప్పుచున్నది. పదేండ్లనాడు ఏ పంతులుగారో సిరాతో వ్రాసిన యొక్క పంక్తి యా పెండ్లి నాపినది. పెద్దలచేత కాగితము వ్రాయించుకొని, పిల్లను సంక్షేమసమితి ముందునకు గొనిపోయి, యుద్యోగులు వెడలిరి.

కాని మామ్మ యడిగిన ప్రశ్న యట్లే యున్నది. ఆ కాగితము రాత్రులు తలుపు కావలి కాయునా? పిల్లకు ప్రభుత్వ వసతిపాఠశాలలో స్థానము దొరకుటకు 21 దినములు పట్టినది. ఆ దినములలో ఏటి కావలి యూరికి దీసికొనిపోయి పెండ్లి చేయుదురని వదంతి పుట్టెను. మా వీధి స్త్రీలము వంతులు వేసికొని నలుగు రేసిమంది మామ్మగారి పంచలో బరుండితిమి. ఒక రాత్రి వరునివారి ఆటో వీధిమొగను నిలిచినది. పంచలో దీపమును, మెలకువగా నున్న మమ్మును జూచి మరలిపోయినది. ఇప్పు డా బాలిక యింటర్మీడియెటు చదువుచున్నది. మామ్మగారు మాతో ఏడాదివఱకు మాటలాడలేదు. ఇప్పుడును ముక్తసరిగానే పలుకును. ఆమెయం దాగ్రహింప మాకు మనస్సు రాదు.

ఆ 21 దినములే మాకు సంస్కరణశాస్త్రమును బోధించినవి. పెండ్లి నాపుట కధికారి యున్నాడు, చట్టమున్నది. ఆపిన మఱునాటి రాత్రికి చోటు లేకున్నచో ఆ చట్టము పగటి చట్టమే. ప్రభుత్వమునకును ఈ సంగతి యనుభవముచేతనే తెలిసివచ్చినది. 2004లో మొదలైన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయములు తొలుత ఎనిమిదవ తరగతివఱకే యుండెను. ఎనిమిది ముగిసిన పిల్లకు 13, 14 ఏండ్లు. పెండ్లిమాట మొదలగు వయస్సున బడి ముగిసి యింటికి బంపివేయుచున్నా మని గ్రహించి, 2018 తరువాత వానిని పండ్రెండవ తరగతివఱకు బెంచుటకు వీలు కల్పించిరి. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారము, తండ్రి లేని పేదబిడ్డలను ఆశ్రమమునకు బంపక యింటనే పెంచుటకు నెల కొక్క బిడ్డకు 4000 రూపాయలు సాయము చేయవచ్చును. 2022లోనే మన రాష్ట్రప్రభుత్వము పెండ్లికానుక కావలసినచో వధూవరు లిద్దఱును పదవతరగతి యుత్తీర్ణులై యుండవలె నని నియమము పెట్టెను. ఇవన్నియు శిక్షలు కావు. పిల్లను బడిలో నుంచుట పెండ్లికంటె సులభము చేయు నుపాయములు. శిక్షించుటకంటె నివారించుటకే ప్రాధాన్య మీయవలెనని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టుకూడ చెప్పినది.

ఇంత జరిగినను పని ముగియలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము, 20 నుండి 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో 18 నిండకమునుపే పెండ్లియైనవారు దేశమున నూటికి 23 మంది, మన ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది. బాలికల వివాహవయస్సును 21కి బెంచవలె నని 2021లో తెచ్చిన బిల్లు 2024లో లోక్‌సభతోపాటు రద్దయినది. 18 నే నిలుపలేని చోట 21 వ్రాసిన నేమి ఫలమని కొందఱ మనుకొంటిమి. అంకె పెంచుట సులభము. ఆ యంకెవఱకు పిల్లను నడిపించు త్రోవ వేయుట కష్టము.

కావున సంస్కరణము నెవ్వరు నడుపుదురని యడిగినచో మా సమాధాన మిది. ఒక బిడ్డ దుఃఖము దానిని మేలుకొలుపును. వ్రాసిన లెక్క దానిని నిలబెట్టును. ఫలానావారి పని యని పేరుపెట్టి యప్పగించిన బాధ్యత దానిని నడిపించును. ఆ మఱునాటి రాత్రికి చోటు చూపిననే యది బిడ్డవఱకు చేరును. ఇం దేదియు మనకు దూరమైనది కాదు. బియ్యపు లెక్క, పాలలెక్క వ్రాయు చేతికి పిల్లల లెక్క వ్రాయుట కష్టమా?

సోదరీమణులారా, ఈ నెలలో నొకపూట మీయూరి బడికి బొండు. ఆఱవ తరగతిలో జేరిన బాలిక లెందఱు, పదవ తరగతిలో మిగిలినవా రెందఱు అని యడుగుడు. తగ్గినవా రేమైరో యొక్కొక్కరి పేరే యడుగుడు. ఆ మాట గ్రామసభలో మరల నడుగుడు. 1098 అను సంఖ్యను వంటయింటి గోడమీద వ్రాయుడు. మీ బిడ్డను బడిలో జేర్చునపుడు పుట్టినతేదిని సరిగా చెప్పి, సరిగా వ్రాసిరో లేదో చూచుకొనుడు. మనకు జదువురాకున్న ప్రక్కవారిచేత జదివించుకొని విందము. ఆ పంక్తి యొకనాడు ఆ పిల్లకు కోటగోడ కావచ్చును.